వద్దనే హక్కు ఎవరికుంది?

(ఉపాధ్యాయులు, వాడ కార్యకర్తలు, తల్లిదండ్రులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఏ వాడకు పోయినా మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "సారూ, టీకాలు వేయించకపోతే బడిలో చేర్చుకోరంట గదా? మాకొద్దని కాగితం రాసిస్తే మినహాయింపు ఇస్తారంట గదా? ఆ కాగితమేందో మీరే రాసిపెట్టండి" అని. చదువుకున్న మన పిల్లలు కూడా అడుగుతున్నారు. ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. అమెరికాలో ఎవరో కోటు దొర మాట్లాడతాడు, ఇక్కడ ఇంకెవరో దాన్ని తెలుగు చేసి మన వాడల్లోకి వదులుతాడు. అందుకని ఈ పూట దీని గురించే మాట్లాడుకుందామనుకున్నాం.

అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాం. టీకా వేయిస్తేనే బడిలో సీటు అని దేశమంతటికీ వర్తించే చట్టం మనకు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు ప్రతి బిడ్డకూ బడి మీద హక్కు ఇచ్చింది. వయసు రుజువు చూపే కాగితం లేకపోయినా చేర్చుకోవలసిందేనని అందులో రాసి ఉంది. టీకా కార్డు లేదని బిడ్డను గేటు దగ్గర నుంచి తిప్పి పంపడానికి ఆ చట్టంలో ఎక్కడా చోటు లేదు. కొన్ని ప్రైవేటు బడులు తమ ఫారాల్లో అడుగుతుంటాయి, అది వాళ్ళ ఫారం. 2022 మే 2న సుప్రీంకోర్టు కరోనా టీకాల కేసులో ఇంకో మాట చెప్పింది. మనిషి శరీరం మీద మనిషికే హక్కు ఉంది, ఎవరికీ బలవంతంగా టీకా వేయడానికి వీల్లేదు అంది. పదిమంది ఆరోగ్యం కోసం సర్కారు సబబైన ఆంక్షలు పెట్టవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. వీడియోల్లో మొదటి ముక్క చెబుతారు, రెండోది మింగేస్తారు.

కాబట్టి మినహాయింపు కాగితం మనకు అక్కర్లేదు. లేని తాళానికి తాళంచెవి ఎందుకు? అయినా ఈ ప్రశ్నను ఇంతటితో వదిలేయడానికి లేదు. ఎందుకంటే వద్దు అని చెప్పడానికి కూడా ఒక అంతస్తు కావాలి. ఆ అంతస్తు ఈ లోకంలో ఎవరికి ఉంది, మనకు ఎప్పుడైనా ఉందా అన్నది అసలు సంగతి.

మినహాయింపు మాట వచ్చింది అమెరికా నుంచి. అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ బిడ్డను బడిలో వేయాలంటే తట్టు, పోలియో, కంఠసర్పి వంటి వాటికి టీకాలు పడ్డట్టు కాగితం చూపాలి. మనవాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఇక్కడి పాత టీకా కార్డు కోసం అమ్మమ్మలకు ఫోన్లు చేస్తుంటారు. కాగితం చూపలేని వాళ్ళకు మినహాయింపులున్నాయి. ఒంట్లో ఫలానా బాధ ఉందని డాక్టరు రాసిచ్చేది అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. మా మతం ఒప్పుకోదని తీసుకునేది ఎక్కువ రాష్ట్రాల్లో ఉంది. మా మనస్సాక్షి ఒప్పుకోదని తీసుకునేది టెక్సాస్ లాంటి కొన్నిచోట్ల ఉంది.

వాటిని తీసుకునేది ఎవరు? కూలీనాలీ జనమా? కాలిఫోర్నియాలో లెక్కలు తీస్తే డబ్బున్న తెల్లవాళ్ళ పేటల్లో, ఖరీదైన ప్రైవేటు బడుల్లో ఎక్కువగా తేలాయి. 2014 డిసెంబరులో డిస్నీలాండ్ అనే వినోదాల పార్కులో తట్టు అంటుకుని పాకిపోయింది. దాంతో 2015లో ఆ రాష్ట్రం సొంత నమ్మకం పేరిట ఇచ్చే మినహాయింపును ఎత్తేసింది. వెంటనే డబ్బు పుచ్చుకుని "ఒంట్లో బాధ ఉంది" అని రాసిచ్చే డాక్టర్లు పుట్టుకొచ్చారు. వాళ్ళను ఆపడానికి 2019లో ఇంకో చట్టం చేయవలసి వచ్చింది. మనకు దొంగ కుల సర్టిఫికెట్ల సంగతి తెలుసు గాబట్టి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. డబ్బున్నవాడి చేతికి ఏ కాగితమైనా అందుతుంది.

2025లో అదే టెక్సాస్‌లో తట్టు 700 మందికి పైగా సోకింది. టీకా పడని ఇద్దరు బడిపిల్లలు చచ్చిపోయారు. ఆ తల్లులను మేము ఎగతాళి చేయబోవడం లేదు. బిడ్డ పోయిన తల్లి ఎక్కడైనా తల్లే.

అమెరికాలోనే మిసిసిపీ అని ఒక పేద రాష్ట్రం ఉంది, నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. అక్కడి సుప్రీంకోర్టు 1979లో మతం మినహాయింపును కొట్టేసింది. ఒక మతం పేరు చెప్పుకున్న వాళ్ళ పిల్లలకు మినహాయింపు ఇస్తే, వాళ్ళ పక్కన కూర్చునే మిగతా పిల్లలకు సమాన రక్షణ లేకుండా పోతుందన్నది ఆ తీర్పు సారాంశం. 2023లో ఇంకో కోర్టు ఆ తలుపు మళ్ళీ తెరిపించిందనుకోండి. కానీ బెంచీ మీద పక్కన కూర్చున్న బిడ్డ వైపు నుంచి ఆలోచించిన తీర్పు గనక మాకు నచ్చింది.

ఇంకా వెనక్కి పోదాం. మనస్సాక్షి అనే మాట చట్టంలోకి ఎక్కింది ఇంగ్లండులో. అక్కడ 1853లో మశూచి టీకాను పసిపిల్లలకు తప్పనిసరి చేశారు. 1867 చట్టంతో, వేయించని తండ్రికి జరిమానా ఒకసారితో ఆగకుండా మళ్ళీ మళ్ళీ వేసే వీలు వచ్చింది. డబ్బున్నవాడు జరిమానా పారేసి ఇంటికి పోయాడు. చెప్పులు కుట్టేవాడు, మిల్లు కూలీ ఏం చేస్తాడు? ఇంట్లో సామాను జప్తు చేసి వేలం వేశారు, కట్టలేనివాళ్ళను జైల్లో పెట్టారు. పైగా ఆ టీకాలు వేయించే పని బీదల సత్రాలను నడిపే బోర్డుకే అప్పగించారు. అంటే టీకా కోసం పోతే బిచ్చం కోసం పోయినట్టు లెక్క. లెస్టర్ అనే పట్టణంలో 1885లో వేలాది జనం వీధుల్లోకి వచ్చారు.

చివరికి 1898లో మినహాయింపు ఇచ్చారు. మేజిస్ట్రేట్ల ముందు నిలబడి, "నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు" అని వాళ్ళకు నచ్చచెప్పి సర్టిఫికెట్టు తీసుకోవాలి. కూలి మానుకుని కోర్టుకు పోయిన పేదలను ఆ మేజిస్ట్రేట్లు చాలాచోట్ల వెనక్కి పంపారు. నీలాంటివాడికి మనస్సాక్షి ఎక్కడిది అన్నట్టే ఉంది వాళ్ళ తీరు. తల్లులు పోతే తండ్రిని తీసుకురమ్మన్నారు. మనస్సాక్షి కూడా పెద్దమనుషుల ఆస్తి అయింది చూశారా! 1907లో గాని అది మామూలు వాంగ్మూలంతో అయ్యే పనిగా మారలేదు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఇంకొకటుంది. టీకా వద్దన్న ఆ లెస్టర్ జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మశూచి వస్తే దాచకుండా చెప్పడం, రోగిని వేరుగా ఉంచడం, ఆ ఇంట్లోవాళ్ళను కనిపెట్టి చూడడం, ఇల్లు శుభ్రం చేయడం ఇవన్నీ ఊరంతా పట్టుబట్టి చేశారు. వద్దు అన్నాక ఆ బరువు తామే మోశారు. ఇప్పటి వీడియోల దొరలు బరువు ఎవరి మీద వేస్తున్నారో ఆలోచించండి.

ఇక మన దేశం. ఆ రోజుల్లో టీకా మందు సీసాల్లో వచ్చేది కాదు. ఒక బిడ్డ చేతికి టీకా వేస్తే వారం రోజులకు అక్కడ పొక్కు లేస్తుంది. ఆ పొక్కులో రసి తీసి ఇంకో బిడ్డ చేతికి గీరుతారు. ఆ బిడ్డ నుంచి మరో బిడ్డకు. 1802 జూన్ 14న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు మన దేశంలో మొదటి టీకా పడింది. ఆ పాప చేతి నుంచే ముందుకు సాగింది. తర్వాత దశాబ్దాల పాటు రసి కోసం పిల్లలు కావలసి వచ్చారు. ఎవరి పిల్లలు? బ్రాహ్మణ అగ్రహారం పిల్లలా? పేదల పిల్లలు, కింది కులాల పిల్లలు. టీకాలు వేసేవాళ్ళు కొన్నిచోట్ల కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి ఆ తల్లులను బిడ్డలతో సహా ఊరూరా తిప్పారు.

అప్పుడు అగ్రకులాల వాళ్ళు టీకాను ఎందుకు వద్దన్నారో తెలుసా? కారణాలు అనేకం ఉన్నాయి గాని అందులో ముఖ్యమైనది ఒకటుంది. తక్కువ కులం బిడ్డ చేతి రసి మా బిడ్డ ఒంట్లోకి ఎక్కుతుందా అని. మనం తాగిన నీళ్ళు అంటు, మన నీడ అంటు, చివరకు మన బిడ్డ ప్రాణం కాపాడే రసి కూడా అంటు. ఈ దేశంలో మతం పేరిట టీకాకు వచ్చిన అభ్యంతరాల్లో ఇదీ ఒకటని ఎవరూ మనకు పాఠం చెప్పలేదు. మేమూ బడిలో జెన్నర్ పేరు చెబుతాం, ఆవు పేరు చెబుతాం. రసి ఇచ్చిన మన పిల్లల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

గాంధీ గారు కూడా ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో టీకా మతానికీ నీతికీ విరుద్ధమని రాశారు. జంతువు ఒంట్లోది మన ఒంట్లోకి ఎక్కించుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆయన ధర్మం ఆయనది. కానీ పెద్దకూర తినే మన ఇళ్ళలో ఆ అభ్యంతరం ఎట్లా పుడుతుంది? ఇతరుల మడికి మనం కాపలా కాయాల్సిన పని లేదు.

ఇప్పుడు మన గడ్డ మీద జరిగినదానికి వద్దాం. ఇది పెద్దవాళ్ళు మరిచిపోయి ఉంటారు, చిన్నవాళ్ళకు తెలిసి ఉండదు. వివరంగా చెబుతాం, ఓపిక పట్టండి.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు తీసుకున్నారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. అనే టీకా వేశారు. ఇది గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ఆపే టీకా. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. దాదాపు 14,000 మంది పిల్లలు. గుజరాత్‌లో వడోదర జిల్లాలో కూడా ఇట్లాంటిదే చేశారు. ఖమ్మంలో ఈ పిల్లలు ఎవరు? ఎక్కువగా గిరిజనులు, దళితులు, వెనుకబడిన కులాల వాళ్ళు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో ఉంటారు. వాళ్ళ దాకా పోయి అడిగే తీరిక ఎవరికుంది?

కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు బయటికి వచ్చాయి. మహిళా సంఘాలు భద్రాచలం పోయి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు పోయారు. కేంద్రం వేసిన విచారణ కమిటీ, ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదంది. పాముకాటు, నీళ్ళలో మునిగిపోవడం, పురుగుమందు, జ్వరాలు, ఇట్లాంటి కారణాలు చూపింది. ఈ మాట కూడా మీకు దాచకుండా చెప్పాలి. సగం నిజం చెబితే మనకూ ఆ వీడియోల వాళ్ళకూ తేడా ఉండదు.

కానీ సంతకాల సంగతి? పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. మళ్ళీ చెబుతాం వినండి. రెండు వేల ఏడు వందల అరవై మూడు మంది ఆడపిల్లల ఒంటి మీద నిర్ణయం తీసుకున్నది కన్నవాళ్ళు కాదు. వార్డెను సంతకం పెట్టాడు. ఒక్క పిల్లకు పెట్టిన సంతకం కాదది, వరసగా పెట్టుకుంటూ పోయింది, హాజరు పట్టీలో పెట్టినట్టు. వేలిముద్ర వేసినవాళ్ళకు ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించిన దిక్కు ఉందా?

వార్డెన్లను తిట్టడం సులువు. వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. మా వంటి ఉపాధ్యాయులే, మొదటి తరం చదువుకున్నవాళ్ళు, ఉద్యోగం పోతే ఇల్లంతా రోడ్డున పడేవాళ్ళు. పైనుంచి కాగితం వస్తుంది. డాక్టరమ్మ జీపులో వస్తుంది. "సంతకం పెట్టండి సార్, టైం లేదు" అంటుంది. అక్కడ "ఈ బిడ్డకు తల్లి ఉంది, ఆమెను పిలిపించండి" అనడానికి గొంతు పెగలాలి. ఆ గొంతు ఒంటరిగా పెగలదు. వెనక సంఘం ఉంటే పెగులుతుంది. అందుకే ఈ సభకు ఉపాధ్యాయులను కూడా పిలిచాం.

పక్కన ఇంకోటి పెట్టి చూద్దాం. ఢిల్లీలో తట్టు-రుబెల్లా టీకా బడుల్లో వేయాలని సర్కారు అనుకుంటే కొందరు తల్లిదండ్రులు హైకోర్టుకు పోయారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వేయడానికి వీల్లేదని 2019 జనవరిలో కోర్టు చెప్పింది. మంచిదే, ఆ తీర్పు మనకూ పనికొస్తుంది. కానీ ఢిల్లీ తల్లి కోర్టు దాకా పోగలిగింది. భద్రాచలం తల్లికి తన బిడ్డకు సూది పడిందన్న సంగతి సెలవుల్లో బిడ్డ ఇంటికొస్తే గాని తెలియకపోవచ్చు. ఒకరి చేతిలో వకాలత్ కాగితం, ఇంకొకరి తరఫున వార్డెను సంతకం. అమెరికాలో మనస్సాక్షి మినహాయింపు అడిగే తల్లినీ, ఈమెనూ ఒకే వీడియోలో కూర్చోబెట్టి "మన హక్కు" అంటే మేమెట్లా ఒప్పుకుంటాం?

ఖమ్మంలో తప్పు చేసింది సంతకం. టీకా కాదు. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే మనమే నష్టపోతాం.

ఎందుకంటే మన పిల్లలకు ఎవరూ ఇవ్వని మినహాయింపు ఒకటి ఎప్పటి నుంచో ఉంది. పట్టించుకోకపోవడం అనే మినహాయింపు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడాది దాటి రెండేళ్ళ లోపు పిల్లల్లో అన్ని టీకాలూ పడ్డవాళ్ళు దేశం మొత్తం మీద 76.4 శాతం. అంటే నలుగురిలో ఒకరికి దాదాపుగా ఏదో ఒకటి పడలేదు. ఆ నాలుగో బిడ్డ ఎవరి బిడ్డ? మేము తిరిగిన చోట్ల చూసింది చెబుతున్నాం. ఇటుక బట్టీకి పోయినవాళ్ళ బిడ్డ. మిర్చి ఏరడానికి జిల్లా దాటిపోయిన తల్లి బిడ్డ. వాగు పొంగితే ఏ.ఎన్.ఎం. రాలేని గూడెం బిడ్డ. కార్డు ఇల్లు కురిసి తడిసిపోయిన బిడ్డ. వీళ్ళలో ఎవరూ "మా మనస్సాక్షి ఒప్పుకోలేదు" అనలేదు. వీళ్ళను ఎవరూ అడగలేదు. సూది వేసేటప్పుడు అడగలేదు, వేయకుండా వదిలేసినప్పుడూ అడగలేదు.

తట్టు వచ్చిందంటే ఊరూ వాడా చూడదు. అంటుకోవడంలో దాన్ని మించిన రోగం దాదాపు లేదు. నూటికి తొంభై అయిదు మందికి టీకా పడి ఉంటేనే అది ఊళ్ళోకి అడుగు పెట్టలేదు. కానీ వచ్చాక అది చంపేది ఎవరిని? తిండి సరిగా లేని బిడ్డను. ఇల్లు ఇల్లూ ఆనుకుని, ఒక్క గదిలో ఆరుగురు పడుకునే చోట. 2022లో బొంబాయి మురికివాడ గోవండిలో తట్టు రేగి ఆ నగరంలో పదిమందికి పైగా పిల్లలు పోయారు. గోవండి అంటే చెత్త గుట్టల పక్కన బతికే పేద ముస్లింలు, దళితులు. డబ్బున్నవాడు టీకా మానేసినా వాడి బిడ్డకు కార్పొరేట్ దవాఖాన ఉంది. మన బిడ్డకు ఆ టీకాయే దవాఖాన.

ఇక్కడ యాభై దాటినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ చేతుల మీద పాత టీకా మచ్చ ఉంటుంది, చూసుకోండి. టీకాలోళ్ళు వస్తున్నారంటే పిల్లల్ని గడ్డివాముల్లో దాచిన కథలు మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పేవాళ్ళు. అమ్మవారు పోసిందని వేపాకు కట్టి, మజ్జిగ పోసి, పోచమ్మకు బోనం పెట్టి కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్న ఇళ్ళు అవి. ఆ మశూచి మన దేశంలో 1975లో ఆఖరుసారి కనిపించింది. పోలియో ఆఖరు కేసు 2011 జనవరిలో, హౌరాలో. ఇప్పటి మా తరగతి గదుల్లో పోలియోతో కాలు చచ్చుబడ్డ పిల్లలు లేరు. మా తోటి చదివినవాళ్ళలో ఉండేవాళ్ళు.

రోగం వచ్చినప్పుడు మన ఉద్యమం ఎటు నిలబడిందో కూడా గుర్తు చేసుకోవాలి. 1897లో పూనాలో ప్లేగు వచ్చింది. తెల్ల సోల్జర్లు ఇళ్ళలో జొరబడి చేసిన దాష్టీకం నిజమే. కానీ అప్పుడు సావిత్రిబాయి ఫూలే ఏం చేసింది? కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశిబిరానికి, ప్లేగు సోకిన మహార్ల పిల్లవాణ్ణి స్వయంగా మోసుకొచ్చింది. ఆ ప్లేగే ఆమెకూ సోకి మార్చి 10న పోయింది. మా వంటి టీచర్లకు ఆమె మొదటి టీచరు.

ఇప్పుడు అదే హెచ్.పి.వి. టీకా మళ్ళీ మన ముందుకు వచ్చింది. 2023లో మన దేశంలోనే తయారైన టీకా బజారులోకి వచ్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. సిక్కింలో 2018లోనే బడుల ద్వారా వేశారు. ముందుగా తల్లిదండ్రులతో మాట్లాడి మరీ వేశారు. ఖమ్మం కథ తెలిసినవాళ్ళు "మళ్ళీ అదేనా, మా బిడ్డలు ఎలుకలా?" అంటున్నారు. ఆ కోపం న్యాయమైనది. కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎవరికి వస్తోందో కూడా చూడండి. పరీక్ష చేయించుకునే తాహతు లేని ఆడవాళ్ళకు, తెల్లబట్ట, నెత్తురు కనిపించినా సిగ్గుతో చెప్పుకోలేని మన అక్కలకు, అమ్మలకు. చెప్పుకునే నాటికి ముదిరిపోతోంది. ఆ క్యాన్సర్‌ను ఆపే టీకాను, ఒకప్పుడు మనల్ని అడగకుండా వేశారన్న కోపంతో మన బిడ్డలకు దూరం చేసుకుంటే, అవతల డబ్బున్నవాళ్ళు తమ బిడ్డలకు కొని వేయించుకుంటారు. అడగకుండా వేసినప్పుడు నష్టపోయింది మనమే, అడిగినప్పుడు కాదని నష్టపోయేదీ మనమేనా?

అందుకని మేము సంఘంలో చర్చించుకుని ఒక అభిప్రాయానికి వచ్చాం. మనం అడగాల్సింది మినహాయింపు కాదు. మమ్మల్ని అడగండి అని అడగాలి. సర్కారు టీకాల పట్టికలో ఉన్నది మా బిడ్డకు హక్కుగా రావాలి. వేసే ముందు మాకు తెలుగులో చెప్పాలి. సంతకం మాది. పరిశోధన కోసమైతే ఆ మాట విడిగా, విప్పి చెప్పాలి. అప్పుడు ఒద్దనుకుంటే ఒద్దంటాం, ఆ ఒద్దుకు బిడ్డను బడి నుంచి గెంటడానికి ఎవరికీ వీల్లేదు.

మరి నిజంగా టీకా పడకూడని పిల్లలు ఉండరా? ఉంటారు. ముందు వేసిన డోసుకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక దవాఖానలో పడ్డ బిడ్డకు అదే టీకా మళ్ళీ వేయకూడదు. క్యాన్సర్ మందులు నడుస్తున్న బిడ్డకు తట్టు టీకా లాంటివి డాక్టరు చెప్పకుండా వేయకూడదు. గట్టి జ్వరంగా ఉంటే తగ్గాక వేయించాలి. ముక్కు కారుతోంది, కొద్దిగా దగ్గుంది అని మాత్రం వాయిదా వేయనక్కర్లేదు. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, బస్సు టైమైందని లేపుకుపోవద్దు. ఇట్లా టీకా పడకూడని బిడ్డ మా బడిలో ఒకరిద్దరే ఉంటారు. ఆ ఒకరిద్దరికీ రక్షణ ఎవరు? పక్కనున్న మిగతా పిల్లలకు టీకా పడి ఉండడమే. అసలు మినహాయింపు ఆ బిడ్డలది. కోటు దొర మాటలు విని అందరం తీసేసుకుంటే వాళ్ళకేం మిగులుతుంది?

కార్యకర్తలకు ఒక పని. ప్రతి వాడలో అయిదేళ్ళ లోపు పిల్లల టీకా కార్డులు తీసి చూడండి. వలసపోయి వచ్చిన ఇళ్ళు ముందు. కార్డు పోతే కొత్తది ఏ.ఎన్.ఎం. దగ్గర రాయించండి. టీకాలు వేసే బుధ, శనివారాల్లో ఆమె మన వాడకు రాకుండా ఊళ్ళో కూర్చుని పోతుంటే తేదీలతో సహా రాసిపెట్టి మెడికల్ ఆఫీసరుకు ఇవ్వండి. బడి పిల్లల్లో అయిదారేళ్ళప్పుడు ఒకటి, పదేళ్ళప్పుడు, పదహారేళ్ళప్పుడు ధనుర్వాతం, కంఠసర్పిలకు ఒకటి పడాలి. ఇవి చాలామందికి తెలియదు.

తల్లిదండ్రులకు ఒక కాగితం తయారు చేశాం. మీరు అడిగిన మినహాయింపు కాగితం కాదు. చదువుతాం వినండి:

"హెడ్మాస్టరు గారికి లేదా వార్డెను గారికి. మా బిడ్డ మీ దగ్గర చదువుకుంటోంది. బడిలోగాని హాస్టల్లోగాని మా బిడ్డకు ఏ సూదిమందు వేయాలన్నా, రక్తం తీయాలన్నా కనీసం వారం ముందు మాకు కబురు పెట్టండి. ఆ టీకా పేరేమిటి, ఏ జబ్బుకు, ఎన్నిసార్లు వేస్తారు, ఎవరు వేస్తున్నారు, ఇది సర్కారు పట్టికలోదా లేక పరిశోధనా అన్నది తెలుగులో రాసివ్వండి. మా బదులు ఇంకెవరూ సంతకం పెట్టవద్దు. మాకు చదువు రాకపోతే మా వాళ్ళ ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. మా బిడ్డకు ఇదివరకు ఏ టీకాకైనా ఇబ్బంది వచ్చి ఉంటే ఈ కింద రాశాం. మా బిడ్డకు రావలసిన టీకా ఏదైనా మిగిలిపోయి ఉంటే మాకు చెప్పండి, మేమే తీసుకొచ్చి వేయిస్తాం."

కాపీలు ఆ చివర బల్ల మీద ఉన్నాయి. ఒక్కొక్కరు రెండేసి తీసుకోండి. ఒకటి బడిలో ఇచ్చి రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ రాయించుకోండి. రాయరాని అమ్మలకు మన కాలేజీ పిల్లలు ఇక్కడే కూర్చుని రాసిపెడతారు. ఈ రాత్రి ఆలస్యమైనా ఫరవాలేదు, అందరివీ అయ్యాకే లేద్దాం.